చాంబర్లో చెప్పిన మాట

ప్రశ్న: శ్రీకాకుళం కోర్టులో మూడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. అన్నదమ్ముల భూమి పంపకం దావాలో నా పార్టీ (కక్షిదారు) ఒక తాపీమేస్త్రీ. వాయిదాకి ఎందుకు రాలేదని అడిగితే, టీబీ అని తేలిందనీ, రెండు నెలలు మాత్రలు మింగి ఒళ్లు తేరుకోగానే మానేశాననీ చెప్పాడు. దగ్గు మళ్లీ మొదలైంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నాడు. పీహెచ్‌సీకి చెప్పేద్దామా అని ఒకటే టెన్షన్. చెప్పొచ్చా?
- ఒక జూనియర్, శ్రీకాకుళం

జవాబు: చెప్పకూడదు బాబూ. విజయనగరంలో నేను జూనియర్‌గా ఉన్నప్పుడు ఇలాంటి మాటే నా చెవిన పడింది. మంచి చేస్తున్నాననుకుని టీ కొట్టు దగ్గర ఆ పార్టీ బావమరిదికి చెప్పేశాను. వారం తిరక్కుండా భార్యని పుట్టింటికి తీసుకుపోయారు. అతను నా దగ్గర కాగితాలు వెనక్కి తీసుకున్నాడు. అంతటితో పోయినా బాగుండేది. ఊరంతా తెలిసిపోయిందని ఆసుపత్రికి వెళ్లడమే మానేశాడు.

మీవాడు వాయిదాకి రాకపోవడానికి కారణంగా చెప్పాడు కాబట్టి అది వృత్తిలో విన్న మాటే. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ ప్రకారం, పార్టీ స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప మీరు బయట పెట్టకూడదు, కేసు ముగిసినా సరే. మీ గుమస్తాకీ అదే కట్టుబాటు. చట్టవిరుద్ధమైన పని కోసం చెప్పిన మాటకీ, మీరు కేసు పట్టాక జరిగిన నేరాన్నో మోసాన్నో చూపే, మీ కంటబడ్డ విషయానికీ ఈ రక్షణ లేదు. మాత్రలు మానేశానని చెప్పుకోవడాన్ని వాటిలోకి లాగడం నాకు సమ్మతం కాదు.

పెళ్లి చేసుకోబోయే అమ్మాయి క్షేమం ముందు హెచ్‌ఐవీ రహస్యం నిలవదని 1998లో సుప్రీంకోర్టు అంది కదా అని తోటి వకీళ్లెవరైనా అనొచ్చు. అది ఆసుపత్రి మీద నడిచిన కేసు. టీబీని ప్రభుత్వానికి తెలపాల్సిన వాళ్లు డాక్టర్లు, ల్యాబులు, మందుల షాపులవాళ్లు. ఆ జాబితాలో వకీలు లేడు. పరీక్ష చేసినవాళ్లు అతని పేరు ఈపాటికే నమోదు చేసి ఉండాలి కూడా.

అలాగని నోరు కుట్టేసుకోమనడం లేదు. గుమస్తాని టీకి పంపి, అతన్ని ఎదురుగా కూర్చోబెట్టండి. ప్రాణాంతక జబ్బు అంటుకునేలా నిర్లక్ష్యంగా నడుచుకుంటే భారతీయ న్యాయ సంహిత 271వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అది అతని మీద ఫిర్యాదుకు కాదు, అతనికిచ్చే సలహాకి వాడండి. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. మధ్యలో ఆపితే క్రిములు మందుకి లొంగకుండా మొండికేస్తాయి, అప్పుడు వైద్యం ఇంకా కష్టం. సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితం. తిండి కోసం నెలకి 1,000 రూపాయలు ఖాతాలో వేస్తారు. కూలి పోతుందన్న బెంగ ఉన్నవాడికి ఈ ముక్క మొదట చెప్పండి. పిల్లలకీ పరీక్ష చేయించాలి. "మీరే ఫోన్ చెయ్యండి సార్" అని అతనంటే, ఒక చీటీ మీద సంతకం పెట్టించుకుని అప్పుడు చెయ్యండి.

ఇంకొకటి. వాయిదా పిటిషన్లో "అనారోగ్యం" అని మాత్రమే రాయండి. టీబీ అని ఉన్న సర్టిఫికెట్ జతచేయాల్సి వస్తే ముందు అతన్ని అడగండి. దాని కాపీ వెళ్లేది అవతలి వకీలుకి, అక్కణ్నుంచి అతని అన్నదమ్ముల చేతికి.