జీతం 40 పెరిగితే మిగిలేది 6

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. దేశానికి అవతలి కొసన ఉన్న పెద్ద నగరంలో ఒక కంపెనీ ఇప్పటికంటే 40 శాతం ఎక్కువ జీతానికి ఉద్యోగం ఇస్తానంటోంది. ఇక్కడ నా రంగంలో పైకి వెళ్లే దారి మూసుకుపోయింది. మావారి ఉద్యోగం ఈ ఊళ్లోనే. సొంతింటి మీద లోను నడుస్తోంది. పాప రెండో తరగతి, బడి నుంచి వచ్చాక మా అమ్మానాన్న చూసుకుంటారు. ఐదు నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. ఆదాయం, ఖర్చుల లెక్కలు, ఆఫర్ లెటర్ పంపుతున్నాను. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లండి. అయితే ఇల్లంతా సర్దుకుని ఒకేసారి బయల్దేరకండి. ముందు మీరొక్కరే వెళ్లి ఆరు నెలలు పనిచేయండి. ఇది ధైర్యం చాలదని చెప్పే మాట కాదు. మీ లెక్కల్లోంచి వచ్చిన జవాబే ఇది.

లెక్క సులువుగా అర్థం కావడానికి, ఇప్పుడు నెలకు మీ చేతికొచ్చే జీతాన్ని 100 అనుకుందాం. మిగతా అంకెలన్నీ ఆ కొలతలోనే చెబుతాను. ఇలాంటి ఆలోచనలో ఉన్న వేరేవాళ్లు తమ జీతాన్ని 100గా పెట్టుకుని ఇదే దారిలో వేసుకోవచ్చు.

మీ 100కు మీవారి 55 కలిపితే ఇంటికొచ్చేది 155. లోను వాయిదా 30, ఇంటి ఖర్చు 70, ఇతరాలు 15, మొత్తం పోయేది 115. నెలకు 40 మిగులుతోంది. వెళ్లాలో వద్దో తేల్చేటప్పుడు పోల్చాల్సింది ఈ 40తోనే. జీతాన్ని జీతంతో పోల్చేవాళ్లందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఇప్పుడు ఆఫర్ లెటర్ చూద్దాం. అందులోని 40 శాతం పెంపు మొత్తం ప్యాకేజీ మీద. ఆ ప్యాకేజీలో కొంత భాగం పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చేది. అది వస్తే సంతోషం, కానీ దాన్ని నమ్ముకుని అద్దె ఇల్లు మాట్లాడుకోకూడదు. పైగా జీతం పెరిగినకొద్దీ పెరిగిన భాగం మీద పన్ను ఎక్కువ రేటులో పడుతుంది. ఇవన్నీ తీసేస్తే నెలనెలా ఖాయంగా చేతికొచ్చేది 128. జాయినింగ్ బోనస్‌ను నేను అసలు కలపలేదు. ఒక్కసారి వచ్చే డబ్బును జీతమనుకుంటే రెండో ఏడాది జీతం తగ్గినట్టు అనిపిస్తుంది.

ఖర్చు వైపు చూస్తే, మీరు పంపిన అద్దె ప్రకటనల ప్రకారం ఇప్పుడున్నలాంటి ఇంటికి అక్కడ 30 అవుతుంది. ఇంటి ఖర్చు 77. ఇతరాలు అదే 15. బడి ఫీజు తేడా 3. సాయంత్రాలు పాపను చూసుకునే మనిషికి 5. ఏడాదికి రెండుసార్లు సొంతూరు వచ్చి వెళ్లే ప్రయాణాలను నెలలకు పంచితే 4. పాత లోను 30 ఎటూ పోదు. మొత్తం 164. అమ్మానాన్న చేసేదానికి ఇన్నాళ్లూ మీ లెక్కల్లో అంకె లేదు, ఎందుకంటే ఎవరూ బిల్లు వేయలేదు. ఊరు మారిన మొదటి నెలలోనే ఆ బిల్లు కనబడుతుంది.

ఇక్కడి ఇంటిని అద్దెకిస్తే 14 రావచ్చన్నారు. ఏడాదిలో ఒక నెల ఖాళీ, రిపేర్లు, ఇంటి పన్ను పోగా 12 మాత్రమే నమ్మండి. అంటే 128, 12 కలిపి 140. మీవారికి అక్కడ ఇదే జీతానికి, 55కు, పని దొరికితే నెలకు మిగిలేది 31. ఇప్పుడు మిగులుతున్న 40 కంటే తక్కువ. ఆయనకూ మంచి పెంపు వచ్చి 70 అయితే 46. అంటే మీ 40 శాతం పెంపు, ఆయన పెంపు, రెండూ కలిసి ఇంటికి అదనంగా తెచ్చేది నెలకు 6.

ఇంత కష్టపడి 6 కోసమా అనిపిస్తుంది. ఆ 6 రావాలన్నా ముందు పెట్టాల్సింది చాలా ఉంది. సామాను తరలింపు 35. రెండు ఇళ్ల భారం పడే ఒక నెల అద్దె 30. బడి ప్రవేశ రుసుము 25. ప్రయాణాలు, ఇల్లు దొరికేదాకా బస 15. కొత్త ఇంట్లో అమర్చుకోవాల్సినవి 22. తిరిగిరాని ఖర్చు మొత్తం 127. ఇది కాక మూడు నెలల అద్దె అడ్వాన్సు 90 ఉంది. అది తిరిగొచ్చే డబ్బే గానీ అవసరానికి చేతిలో ఉండదు. చేతినుంచి కదలాల్సింది 217. కంపెనీ 60 ఇస్తానంది. అది ముందు మీరు ఖర్చుపెట్టి బిల్లులు చూపిస్తే ఇచ్చేది. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని నాలుగో పేజీలో ఉంది. కొన్ని దేశాల్లో ఇలాంటి భత్యాన్ని ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు. మీ చేతికి 60 నికరంగా వస్తుందా, పన్ను పోగా వస్తుందా అన్నది రాతపూర్వకంగా అడగండి.

వీటన్నిటికంటే పెద్ద ఖర్చు ఆ జాబితాలో లేదు. అది మీవారు పని లేకుండా ఉండే నెలలు. నాలుగు నెలలు పట్టిందనుకుందాం. ఆయన ఇంట్లో ఉంటే పాపను చూసే మనిషి అక్కర్లేదు కాబట్టి ఖర్చు 159, రాబడి 140, నెలకు 19 లోటు. నాలుగు నెలలకు 76. కదలకుండా ఉండుంటే ఆ నాలుగు నెలల్లో 160 వెనకేసేవారు. రెండూ కలిపితే 236. సామాను లారీకి బేరం ఆడటానికి వారం రోజులు పెట్టే కుటుంబాలు ఈ 236 గురించి ఒక్క సాయంత్రం కూడా మాట్లాడుకోవు.

జాకబ్ మిన్సర్ అనే ఆర్థికవేత్త 1978లో కుటుంబ వలసల గురించి రాస్తూ ఇద్దరు సంపాదించే ఇళ్లలో ఒకరు జంటకు కట్టుబడి కదిలేవారు కావొచ్చని చూపించాడు. ఆ ఒక్కరి జేబు వరకే చూస్తే వలస నష్టం, ఇంటి మొత్తానికి లాభం. ఆ రెండో మాట నిజమవ్వాలంటే ఒకరి లాభం ఇంకొకరి నష్టం కంటే పెద్దదిగా ఉండాలి. మీ ఇంట్లో ప్రస్తుతానికి అలా లేదు. కంపెనీ ఇచ్చే 60 పోగా మిగిలిన 67కు ఆ 236 కలిపితే 303. నెలకు 6 చొప్పున అది పూడటానికి 50 నెలలు, అంటే నాలుగేళ్లు దాటుతుంది. ఆయనకు 55 మాత్రమే వస్తే ఎప్పటికీ పూడదు.

మరి వెళ్లమని ఎందుకంటున్నాను? మొదటి జీతం వల్ల కాదు, ఆ తర్వాతి మెట్ల వల్ల. ఇక్కడ మీకు ఏటా 6 శాతం పెరుగుతోందన్నారు. అక్కడ 9 శాతం పెరుగుతుందనుకుంటే మూడేళ్లకు ఇక్కడి 100 కాస్తా 119 అవుతుంది, అక్కడి 128 దాదాపు 166. ఇప్పుడు 28గా ఉన్న తేడా 47కు చేరుతుంది. 9 అన్నది ఊహ మాత్రమే. అది నిజమవ్వాలంటే ఆ నగరంలో మీ పనికి ఒక కంపెనీ కాదు, చాలా కంపెనీలు పోటీపడాలి. జీతం పెద్దగా పెరిగేది చాలాసార్లు అదే ఊళ్లో రెండో ఉద్యోగంలోకి మారినప్పుడు. కాబట్టి అడగాల్సింది ‘ఈ ఉద్యోగం మంచిదేనా’ అని మాత్రమే కాదు, ‘ఇది పోతే ఇల్లు మారకుండా ఇంకోటి దొరుకుతుందా’ అని.

దీన్ని ఊహతో తేల్చక్కర్లేదు. గత 90 రోజుల్లో మీ హోదాకు, మీ అనుభవానికి సరిపడే ప్రకటనలు ఆ నగరంలో ఎన్ని వచ్చాయో, ఎన్ని వేర్వేరు కంపెనీల నుంచో రాసుకోండి. ఏజెన్సీలు ఒకే ఖాళీని నాలుగుచోట్ల వేస్తాయి, వాటిని ఒకటిగానే లెక్కించండి. ఎనిమిది, పది కంపెనీలు తేలితే అది నిజంగా మీ పనికి సంత. రెండు మూడే ఉంటే మీరు వెళ్తున్నది ఒక యజమాని దగ్గరికి, అంతే. అవన్నీ ఒకే పరిశ్రమవైతే ఇంకా జాగ్రత్త పడాలి. అలాంటిచోట తీసివేతలు వచ్చినప్పుడు అందరినీ కలిపే తీసేస్తారు, మీతోపాటు వందలమంది అవే ఖాళీలకు పరుగెడతారు. ఇదే లెక్క మీవారి పనికి కూడా వేయండి. ఆయన జాబితా చిన్నదైతే నాలుగు నెలలు ఎనిమిది అవుతాయి.

ఇప్పుడు చెడు జరిగితే ఏమవుతుందో చూద్దాం. మీ పొదుపు ఐదు నెలల ఖర్చు, అంటే 575. అందరూ కలిసి వెళ్లారు, ఆయనకు ఇంకా పని దొరకలేదు, ఐదో నెల చివర ప్రొబేషన్‌లోనే మీ ఉద్యోగం పోయింది. 575లోంచి 217 పోతే 358. కంపెనీ 60 కలిపి 418. ఐదు నెలల లోటు 95 తీస్తే 323. కంపెనీ తన 60 వెనక్కి అడిగితే 263. జీతాల్లేని ఇంటికి, పాత ఇంటి అద్దె పోను, నెలకు 147 కావాలి. ఉన్నది రెండు నెలలకు కూడా రాదు. పాత ఇంట్లోనేమో ఏడాది ఒప్పందంతో వేరేవాళ్లు కాపురం ఉంటారు.

అదే మీరొక్కరే వెళ్తే? పంచుకునే గది 14, భోజనం, చిల్లర ఖర్చులు 17, నెలకోసారి ఇంటికి రావడానికి 6. ఇక్కడ ఒక మనిషి తగ్గి ఇంటి ఖర్చు 58 అవుతుంది, లోను 30, ఇతరాలు 15. మొత్తం 140. రాబడి 128, 55 కలిపి 183. నెలకు 43 మిగులుతుంది, ఇప్పటికంటే కాస్త ఎక్కువే. అదే ఐదో నెలలో ఉద్యోగం పోయినా, మీ ఒక్కరి ప్రయాణ ఖర్చులు ఓ 30 తీసేస్తే చేతిలో 760 ఉంటుంది. ఇంటికొస్తే మీవారి 55 పోగా నెలకు 60 చాలు. ఏడాది గడిచిపోతుంది. రెండు దారుల్లోనూ ఉద్యోగం అదే, నగరం అదే.

పాపకు దూరంగా ఆరు నెలలు ఉండటం బరువే. దాన్ని ఏ గళ్లలో వేయాలో చెప్పడం నా పని కాదు. కానీ మీరు వెళ్లే తేదీని బడి సంవత్సరాన్ని బట్టి లెక్కేసుకుంటే, ప్రొబేషన్ ముగిసే సమయానికి పాప తరగతి కూడా ముగిసేలా చేయొచ్చు. మధ్యలో బడి మారిస్తే కట్టిన ఫీజు ఒకచోట పోయి, ప్రవేశ రుసుము ఇంకోచోట పడుతుంది.

సంతకం పెట్టేముందు కంపెనీతో మాట్లాడాల్సినవి కొన్ని ఉన్నాయి. తరలింపు భత్యాన్ని చేరిన 90 రోజుల్లోనే వాడుకోవాలని లెటర్లో ఉంది. దాన్ని ఏడాదికి పొడిగించమనండి. కుటుంబం తర్వాత వస్తుందని చెబితే ఇది వాళ్లకు పైసా అదనపు ఖర్చు లేని కోరిక, సాధారణంగా ఒప్పుకుంటారు. తిరిగి కట్టే షరతు మీరు మానేసినప్పుడే వర్తించాలి, వాళ్లు తీసేసినప్పుడు కాదు. ఇప్పుడున్న వాక్యంలో ‘ఏ కారణం చేతనైనా’ అని ఉంది, ఆ మాట తీయించండి. జీతం విషయానికొస్తే, మీవారు 55 దగ్గరే ఉన్నా ఇప్పటి మిగులు తగ్గకుండా ఉండాలంటే మీ చేతికి 137 రావాలి. అడగడానికి అంకె కావాలి కదా, అది ఇదే. అంతవరకు రాకపోతే ఏడాది చివర ఇచ్చే భాగంలో సగాన్ని నెలజీతంలోకి మార్చమనండి.

ఇల్లు అమ్మొద్దు. అమ్మి అక్కడ కొనడమంటే కమిషన్లు, రిజిస్ట్రేషన్ ఖర్చులు, పన్నులు రెండుచోట్లా కట్టడమే. అక్కడ కనీసం ఏడాదిన్నర అద్దెకే ఉండండి. ఏ పేటలో ఉంటే ఆఫీసుకు ఎంతసేపు పడుతుందో తెలియకముందే కొన్న ఇల్లు చాలామందికి మెడకు గుదిబండ అవుతుంది. అద్దె ఇల్లు చూడటానికి పనిరోజు ఉదయం ఆఫీసు వేళకే వెళ్లండి, ఆదివారం దారి ఖాళీగా ఉండి మోసం చేస్తుంది. ఇక్కడి ఇంటిని అద్దెకిచ్చేముందు లోను ఇచ్చినవాళ్లకు, ఇంటి బీమా కంపెనీకి తెలియజేయండి. యజమాని నివసిస్తేనే వర్తించే షరతులు కొన్ని ఒప్పందాల్లో ఉంటాయి, క్లెయిమ్ వేసిన రోజు అవి బయటపడతాయి.

ఆరోగ్య బీమా కూడా ఇలాంటిదే. పాత కంపెనీ పాలసీ మీ చివరి పనిదినంతో ఆగిపోవచ్చు, కొత్తది ఎప్పుడు మొదలవుతుందో అడిగి తెలుసుకోండి. మధ్యలో ఖాళీ వస్తే రాజీనామా ఇవ్వకముందే సొంతంగా ఒక పాలసీ తీసుకోండి. ఆ 575లోంచి ఇద్దరు అప్పటికప్పుడు ఊరు రావడానికి సరిపడే టికెట్ల డబ్బు విడిగా పెట్టండి. వయసు మీరిన తల్లిదండ్రులు ఇక్కడే ఉన్నారు.

వలసలను అధ్యయనం చేసిన భూగోళ శాస్త్రవేత్త ఈ. జి. రావెన్‌స్టైన్ 1885లోనే గమనించిన విషయం ఒకటుంది: ప్రతి వలస ప్రవాహానికీ ఎదురుగా తిరిగొచ్చే ప్రవాహం కూడా ఉంటుందని. తిరిగి రావడాన్ని ఓటమిగా చూడొద్దు, ముందే తేదీ వేసుకోండి. ప్రొబేషన్ ఖరారై, మీవారి చేతికి కనీసం 60 ఇచ్చే ఆఫర్ వచ్చిన నెలలో కుటుంబాన్ని కదపండి. ఆయన ఇప్పటి కంపెనీయే దూరం నుంచి పనిచేయనిస్తే 55 అయినా ఫర్వాలేదు, ఎందుకంటే పని లేని ఆ నాలుగు నెలలు తప్పుతాయి. ఈ రెండూ తొమ్మిదో నెల చివరికి కుదరకపోతే మీరు అక్కడినుంచే ఇక్కడి ఉద్యోగాలకు దరఖాస్తు చేయడం మొదలుపెట్టండి. అప్పటికి మీ చేతికొచ్చే జీతం 128 కాబట్టి, బేరం 100 దగ్గర మొదలుకాదు.