ఫిల్మ్ పోయినప్పుడు నేను దెబ్బతిన్నా, నా కొడుకు చేతికి కెమెరా ఇవ్వాలా?

ఈసారి ప్రశ్న దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో ఫోటో స్టూడియో నడిపే అన్న పంపారు. కొంచెం కుదించి పెడుతున్నా: "మేడం, 1993ల యాషికా 120 కెమెరాతోని స్టూడియో పెట్టిన, తర్వాత నికాన్ ఎఫ్ఎం10 కొన్న. 2005ల అందరు డిజిటల్‌కు మారుతుంటే నేను ఆగిన. 2009ల మిత్తికి తెచ్చి మారిన, అప్పటికే గిరాకీ పక్కోని దగ్గరికి పోయింది. ఇప్పుడు మావోడు ఇంటర్ ఎంపీసీ సెకండియర్, ఇంజినీరింగ్ వద్దు ఫోటోగ్రఫీ చదువుత అంటుండు, 4 లక్షల మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని కొత్త రకం డిజిటల్ కెమెరా) కావాల్నట. నన్ను డిజిటల్ మింగింది, వాణ్ని ఏఐ మింగుతది. బీటెక్‌ల వెయ్యాల్నా, వాడు చెప్పింది వినాల్నా?"

అన్నా, బీటెక్కా ఫోటోగ్రఫీనా అన్నది మీ ఉత్తరంలో ఆఖరి లైన్లో ఉంది, దానికి ముందు రెండు పేజీలూ 2005 గురించే. అప్పుడు నేను తప్పు చేశానా అన్న బాధే మిమ్మల్ని ఇప్పటికీ తినేస్తోంది, ముందు ఆ సంగతి మాట్లాడుకుందాం, అది తేలకుండా కాలేజీల గురించి ఎంత చెప్పినా మీ చెవికెక్కదు.

మొదటి డిజిటల్ కెమెరా తయారైంది కొడాక్ కంపెనీలోనే, 1975లో, వాళ్ల సొంత ఇంజినీర్ చేతుల మీదే. అంత ముందు చూసిన కంపెనీ కూడా 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసుకుంది. 2006 జనవరిలో నికాన్ ఫిల్మ్ కెమెరాలు చాలావరకు ఆపేస్తున్నాం అంది, అదే నెలలో కొనికా మినోల్టా కెమెరాలూ ఫిల్మూ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు చెప్పేసింది. మన ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' ఫిల్మ్ చేసేది, మీరు వాడే ఉంటారు, అదీ నిలబడలేదు. ఇన్ని పెద్ద చెట్లు కూలిన గాలిలో ఊళ్లో చిన్న స్టూడియో పెట్టుకున్న మీరు నాలుగేళ్లు ఆగారు, అంతే. 2004లో వచ్చిన డీఎస్ఎల్ఆర్‌లు (లెన్స్ మార్చుకునే పెద్ద డిజిటల్ కెమెరాలు) ఎక్కువగా 6 మెగాపిక్సెలే, అంత రేటు పెట్టి కెమెరా, దాంతోపాటు కంప్యూటర్, ఫోటోషాప్ నేర్పే మనిషి, ఇవన్నీ మీ ఊళ్లో అప్పుడు ఎక్కడున్నాయి? చేతిలో డబ్బు లేని మనిషి ఆగడం తెలివితక్కువ కాదన్నా. ఈ మాట మీకెవరూ చెప్పినట్టు లేరు, నేను చెప్తున్నా.

ఇంకోటి, మారిన వాళ్లంతా బాగుపడ్డారని మీరు అనుకుంటున్నారు. ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చిన స్టూడియో వాళ్లు చాలామంది రోల్ ఖర్చు, కడిగే ఖర్చు మిగులుతుంది అని లెక్కేసుకుని మారారు, నిజంగానే మిగిలింది, కానీ ల్యాబ్ వాడు చేసే కలర్ కరెక్షన్ పని వాళ్ల నెత్తిన పడింది, రాత్రి రెండింటి దాకా కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలైంది, రెండు రోల్స్‌తో పెళ్లి అయిపోయే చోట రెండు వేల ఫోటోలు అడగడం మొదలైంది, రేటు మాత్రం అక్కడే. తర్వాత ఫోటోలన్నీ పేజీలుగా డిజైన్ చేసి ప్రింట్ చేసే కరిజ్మా ఆల్బమ్‌లు వచ్చాయి, 12 బై 36 అంగుళాల షీట్లు, వాటి డిజైన్ ఖర్చు వేరే. పాస్‌పోర్ట్ ఆఫీసులో ఫోటో వాళ్లే తీసుకుంటున్నారు, ఆధార్ సెంటర్లోనూ అంతే, అంటే రోజువారీ చిల్లర గిరాకీ ఎవరి కెమెరా ఏదైనా తగ్గేదే. మీ నష్టం మొత్తాన్ని ఆ నాలుగేళ్ల మీద వేసుకోకండి.

మా అమ్మానాన్నల పెళ్లి బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి, 2007లో నా పెళ్లి సీడీలు మాత్రం ఒక్కటీ ఓపెన్ కావట్లేదు. మీరు ట్రంకు పెట్టెలో నెగటివ్స్ దాచానని రాశారు చూశారా, ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువగా అనిపించింది అదే.

మీ కొడుక్కి మీరివ్వగలిగింది కూడా అక్కడే ఉంది. రోల్‌కి 36 ఫోటోలే, మీ యాషికాలో అయితే 12. జీలకర్ర బెల్లం దగ్గర పెళ్లికొడుకు చెయ్యి లేచే క్షణానికి క్లిక్ పడాలి, తప్పితే మళ్లీ రాదు, తలంబ్రాల దగ్గర ఎంత సరదాగా ఉన్నా ఎన్ని ఫోటోలయ్యాయో చూపే కౌంటర్ వైపు ఒక చూపేసి అప్పగింతలకి నాలుగు ఫ్రేములు మిగుల్చుకోవాలి, ఎందుకంటే అమ్మాయి వాళ్ల నాన్న మొహం అప్పుడే మారుతుంది. మీరిది ముప్పై ఏళ్లుగా చేస్తున్నారు కాబట్టి ఇదొక విద్య అని మీకు తెలియట్లేదు. సెకనుకి పది ఫ్రేములు కొట్టే కెమెరాతో మొదలెట్టిన పిల్లలకి ఈ ఓపిక నేర్పడానికి టీచర్లు నానా తంటాలు పడుతున్నారు.

ఇప్పుడు మీ బాబు వైపు. వాడు 'క్యాండిడ్' (పోజు పెట్టించకుండా తీసే ఫోటోలు), 'సినిమాటిక్' (సినిమాలా తీసే పెళ్లి వీడియో) అంటున్నాడని రాశారు, ఈ రెండు మాటలు వింటే నాకు ఇంకా గుబులే. హైదరాబాద్‌లో ఆర్నెల్ల కోర్సు అని లక్షల్లో ఫీజు కట్టించుకునే చోట్లు ఉన్నాయి, చివరికి వాళ్లు నేర్పేది మీరు మీ స్టూడియోలో నేర్పగలిగే లైటింగ్, దానికి తోడు ఎడిటింగ్. కోర్సు అవ్వగానే పిల్లలు ఈఎంఐలో కెమెరా, డ్రోన్, వీడియో ఊగకుండా కెమెరాని పట్టే గింబల్ కొంటారు, ఇన్‌స్టాలో రీల్స్ పెడతారు. పెళ్లిళ్లు మాఘంలో, శ్రావణంలో ఉంటాయి. ఆషాఢంలో ఉండవు, మూఢంలో ఉండవు. ఈఎంఐకి ఆషాఢం లేదు కదా. పోయిన ఏడాది ఒక కుర్రాడు నా ముందు కూర్చున్నాడు, బ్యాగులో లెన్స్ ఉంది, నా దగ్గర్నుంచి లేచి అటే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి దాన్ని అమ్మేస్తానన్నాడు, ఆ లెన్స్ కొని ఏడు నెలలు. మాట్లాడుతున్నంతసేపు దాని మూత బిగిస్తూ విప్పుతూ ఉన్నాడు. పని రానివాడు కాదు, చాలా బాగా తీస్తాడు, అప్పు ముందు వచ్చి పని తర్వాత వచ్చింది, అంతే జరిగింది.

అందుకే 4 లక్షల కెమెరా ఇప్పుడు వద్దు. ఫోటోగ్రఫీ వద్దని కాదు, ఆ అప్పు వద్దు. మీ పాత డీఎస్ఎల్ఆర్‌తో రెండేళ్లు తియ్యనివ్వండి. కంపెనీలన్నీ మిర్రర్‌లెస్ వైపు వెళ్లిపోయాయి, అది నిజమే, కానీ పాత నికాన్, కెనాన్ లెన్సులు అడాప్టర్ వేసుకుని కొత్త బాడీల (లెన్స్ లేని కెమెరాల) మీద వాడుకోవచ్చు, కాబట్టి పెద్ద పెళ్లి వచ్చినప్పుడు బాడీ అద్దెకు తెచ్చుకుంటే చాలు.

ఇక ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. వాడితో "ఫోటోలు తీసేటోనికి పిల్లనెవరిస్తరు" అన్నానని మీరే రాశారు. అన్నా, ముప్పై ఏళ్లు ఆ పని చేసి ఇల్లు కట్టి కూతురి పెళ్లి చేసిన మనిషి ఆ మాట అనొచ్చా? రాత్రిపూట మీ ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్నది ఆ పిల్లాడే. మీ పనిని వాడు గౌరవిస్తున్నాడు, దాన్ని తక్కువ చేస్తున్నది మీరు. వాడి ముందు ఇంకోసారి ఆ మాట అనకండి.

బీటెక్ సంగతి అడిగారు కాబట్టి, ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్న రాజా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజినీరింగ్ చదివి ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేసినాయనే, తర్వాత కెమెరా పట్టి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. అంటే ఇంజినీరింగ్ చదివితే కెమెరా పోదు, కానీ మీ వాడికి లెక్కల మీద మనసు లేదని మీరే రాశారు, ఇష్టం లేని చదువు నాలుగేళ్లు చదివి బ్యాక్‌లాగ్స్‌తో వచ్చే పిల్లల్ని నేను వారానికి ఇద్దర్ని చూస్తా. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్ఏ ఫోటోగ్రఫీ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, కూడా నాలుగేళ్లే, ప్రభుత్వ యూనివర్సిటీ డిగ్రీ, పెళ్లిళ్లు ఒక్కటే కాకుండా ప్రొడక్ట్ షూట్లు, యాడ్స్, పత్రికలు, సినిమా స్టిల్స్ లాంటివి కళ్ల ముందుకొస్తాయి. సీటు రాకపోతే మామూలు డిగ్రీ చేస్తూ సీజన్‌లో మీతో పెళ్లిళ్లకి రావచ్చు, అదీ మంచి దారే, నా మొగ్గు మాత్రం సీటు వస్తే బీఎఫ్ఏ వైపే.

ఏఐ గురించి నాకూ భయం ఉంది, ఆల్బమ్ డిజైన్, రీటచింగ్ మీద బతికేవాళ్లకి కష్టమే, అందుకే వాణ్ని ఎడిటింగ్‌కి కట్టేయొద్దు. అప్పగింతల దగ్గర నిలబడే మనిషి మాత్రం కావాల్సిందే.

ప్రాక్టికల్స్ అయిపోయాక ఇద్దరూ కలిసి హైదరాబాద్ రండి. వాడు తీసినవి ఫోన్లో చూపించొద్దు, 20 ఫోటోలు ఎంచుకుని ప్రింట్లు తీయించుకుని రమ్మనండి. మీరు ఆ ట్రంకు పెట్టెలోంచి ఒక పెళ్లి నెగటివ్స్ తీసుకురండి. ముందు వాటిని వెలుతురులో పెట్టి వాడికి మీరే చూపించండి, కాలేజీ ఫారం గురించి ఆ తర్వాత కూర్చుందాం.