మామూలు మనిషి జీవితంలో చరిత్ర ఎక్కడ కనిపిస్తుంది?

నన్నడిగితే ట్రంకు పెట్టెలో కనిపిస్తుంది. మా నాయనమ్మ పెట్టెలో నేను చూశాను.

ఆమెది కందుకూరు దగ్గర పల్లెటూరు. 1941లో పుట్టింది, మేనమామ కొడుకునే చేసుకుని ఆ ఊళ్లోనే ఉండిపోయింది. 2022లో తాత పేరు మీదున్న ఎకరంన్నర ఆమె పేరుకు మార్పించడానికి ఒక ఆఫీసుకి తీసుకెళ్లాను. కొన్నప్పటి దస్తావేజులో నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా అని ఉంది. ఆధార్‌లో ప్రకాశం. ఆ ఏప్రిల్ 4న కందుకూరుని మళ్లీ నెల్లూరులో కలిపారు కాబట్టి కొత్త ఫారంలో నెల్లూరు. అక్కడి గుమాస్తా మూడూ పక్కపక్కన పెట్టుకుని, "ఇవన్నీ ఒకే ఊరని రుజువు తెండి" అన్నాడు.

నాకు టెన్షన్ వచ్చేసింది. నాయనమ్మ మాత్రం నెమ్మదిగా చెప్పింది: "నేను యాడికీ పోలా నాయనా. కాపురానికొచ్చిన ఇంట్లోనే ఉండా. మీరే జిల్లాని అటూ ఇటూ తిప్పినారు."

నిజమే కదా! ఆమె మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పెట్టి మా తాలూకాని అందులో కలిపారు, 1972లో దానికే ప్రకాశం అని పేరు మార్చారు. ఇన్ని జరిగినా ఆమె ఇంటి అరుగు అక్కడే ఉంది. గీతలు గీసేవాళ్లు బస్సు ఛార్జీ సంగతి చూడరు. మాకు ఒంగోలు యాభై కిలోమీటర్ల లోపే, నెల్లూరు దానికి రెట్టింపు పైనే. నెల్లూరులో కలిపాక కలెక్టరుకి అర్జీ ఇవ్వాలంటే ఒక రోజు కూలి పోయినట్టే ఉండేది. దీని గురించి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఒక్క వాక్యం చదవలేదు నేను.

పని కావడానికి నాలుగుసార్లు తిరిగాం. బస్సులో కూర్చుని ఆమె పాత సంగతులు చెప్పేది. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు గారు పోయారని కబురొచ్చినప్పుడు తనకు పదకొండేళ్లట. ఆ పూట వాళ్ల నాన్న ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదట. ఆకలేసిందని చెప్పేది, ఎందుకు ఏడుస్తున్నారో తెలియక తనూ ఏడ్చానని చెప్పేది.

2023లో ఆమె పోయింది. మరణ ధ్రువపత్రం తెచ్చుకుని చూస్తే జిల్లా దగ్గర 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు' అని ఉంది. ఆ కాగితం కూడా అదే పెట్టెలో, దస్తావేజు పక్కనే పెట్టాను.