ఇమ్యునోథెరపీలో ఉండగా విరేచనాలా? మాత్రతో ఆపేయకండి

ప్రశ్న: మా అమ్మకు 51 ఏళ్లు. రొమ్ములో మూడున్నర సెంటీమీటర్ల గడ్డ, చంకలో ఒక గ్రంథికి పాకింది. ట్రిపుల్ నెగెటివ్ (రెండు హార్మోన్ గ్రాహకాలు, హెర్2 మూడూ లేని రొమ్ము క్యాన్సర్ రకం) అన్నారు. ఆపరేషన్‌కు ముందు కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇస్తున్నారు, మూడు డోసులయ్యాయి. రేడియేషన్ కూడా ముందే ఇస్తే గడ్డ పూర్తిగా కరుగుతుందని అమెరికాలో ఉన్న మా బావ అంటున్నాడు. ఇప్పించమంటారా? నాలుగు రోజులుగా రోజుకు ఐదారు విరేచనాలు. మందుల షాపు మాత్ర వేస్తే తగ్గి మళ్లీ మొదలవుతున్నాయి. నీరసానికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఏదో ఇంజెక్షన్ చేశారు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రేడియేషన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ విరేచనాలు. ఈ రోజే మీ ఆంకాలజిస్టుకు ఫోన్ చేయండి. పెంబ్రోలిజుమాబ్ రోగనిరోధక కణాల బ్రేకు తీసేస్తుంది. ఆ కణాలు క్యాన్సర్‌తో పాటు ఒక్కోసారి సొంత పేగు మీద కూడా పడతాయి. అలా వచ్చే పేగు వాపునే కొలైటిస్ అంటాం. కీమో వల్ల, ఇన్ఫెక్షన్ వల్ల కూడా విరేచనాలు కావచ్చు. ఏది కారణమో మల పరీక్ష, సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూస్తేగానీ తెలియదు, కొందరికి పేగులోకి గొట్టం వేసి చూడాల్సి వస్తుంది. రోజూ మామూలుగా వెళ్లేదానికన్నా నాలుగు విరేచనాలు ఎక్కువైతే చాలు, ఇక ఆగకూడదు. రక్తం, జిగురు పడినా, కడుపునొప్పి ఉన్నా, జ్వరం 100.4 దాటినా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.

విరేచనాలకు షాపులో సాధారణంగా ఇచ్చే లోపెరమైడ్ మాత్ర పేగు కదలికను నెమ్మదింపజేస్తుంది, లోపలి వాపును తగ్గించదు. పైకి తగ్గినట్టు కనిపించే ఆ నాలుగు రోజుల్లోనే కొలైటిస్ ముదరవచ్చు. కొలైటిస్ అని తేలితే కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల లెక్కన ప్రెడ్నిసలోన్ మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాల మీద మెల్లగా తగ్గిస్తారు. మధ్యలో మానేస్తే తిరగబెట్టవచ్చు.

ఆ ఇంజెక్షన్ ఏమిటో చీటీ మీద రాయించుకుని ఆస్పత్రికి పట్టుకెళ్లండి. ఊళ్లో నీరసానికి చేసేది చాలాసార్లు డెక్సా. అది స్టెరాయిడ్. జ్వరాన్ని, నొప్పిని కప్పేస్తుంది, తర్వాత చేసే కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్) పరీక్షనూ తప్పుదారి పట్టిస్తుంది. పెంబ్రోలిజుమాబ్ వల్ల అడ్రినల్, పిట్యూటరీ గ్రంథులు దెబ్బతిన్నా మొదట కనిపించేది నీరసం, తక్కువ బీపీ, తక్కువ సోడియమే. పాక్లిటాక్సెల్ అనే కీమో మందుకు ముందు ఆస్పత్రిలో ఇచ్చే డెక్సా లెక్క వేరు, దాన్ని మానకండి. కోపంతో అనడం లేదు గానీ, ఇంత ఖరీదైన చికిత్స చేయిస్తూ పక్కన షాపు మందు వాడటం తగదు.

ఇక మీ బావ చెప్పింది. ఆలోచన సరైనదే: రేడియేషన్ దెబ్బతీసిన గడ్డ నుంచి బయటపడే ముక్కలను చూసి రోగనిరోధక కణాలు శత్రువును గుర్తుపడతాయి, పెంబ్రోలిజుమాబ్ వాటి బ్రేకు తీస్తుంది. అమెరికాలో 8 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) చొప్పున మూడుసార్లు, మొత్తం 24 గ్రే ఇచ్చి చూసిన చిన్న ట్రయల్స్ ఉన్నాయి. ట్రయల్ బయట ఇది ఇంకా ప్రామాణిక చికిత్స కాదు. చర్మం, ఊపిరితిత్తుల మీద రెండు చికిత్సల భారం కలవవచ్చు. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఇవ్వాల్సి వస్తే ముందిచ్చిన మోతాదును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మీ అమ్మగారి చికిత్సకు ఆధారం 1174 మందిపై జరిగిన కీనోట్-522 అనే ట్రయల్. తొలి విశ్లేషణలో పెంబ్రోలిజుమాబ్ కలిపినవారిలో 64.8 శాతం మందికి ఆపరేషన్‌లో తీసిన రొమ్ము, గ్రంథుల్లో క్యాన్సర్ మిగల్లేదు, కీమో మాత్రమే పొందినవారిలో 51.2 శాతం. ఐదేళ్లకు బతికున్నవారు వరుసగా 86.6 శాతం, 81.7 శాతం. ఇది ముందు రేడియేషన్ లేకుండా వచ్చిన ఫలితం. సగంలో పద్ధతి మార్చమని నేను చెప్పను.

ఇంతకీ గడ్డలో, ఆ చంక గ్రంథిలో క్లిప్ పెట్టారా? ఆవగింజంత లోహపు గుర్తు. గడ్డ పూర్తిగా కరిగితే సర్జన్‌కు ఎక్కడ కోయాలో చూపేది అదే. పెట్టకపోతే స్కాన్‌లో గడ్డ కనిపిస్తుండగానే పెట్టించండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, లివర్ పరీక్షలు ప్రతి డోసుకు ముందు చేస్తున్నారో లేదో కూడా అదే ఫోన్‌లో అడగండి. విరేచనాల కారణం తేలే వరకు నాలుగో డోసు ఇవ్వాలా, ఆపాలా అన్నది మీ ఆంకాలజిస్టు చూసి చెప్పాలి, ఉత్తరం చదివి నేను చెప్పలేను.