పనిమనిషిని మానిపించినంత మాత్రాన అత్యవసర నిధి నిండదు

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. పొదుపు కోసం ఆరు నెలల క్రితం ఇంటి పనికి వచ్చే ఆమెను మానిపించాం. ఆమెకు ఇచ్చేది మా జీతాల్లో 4 శాతం. ఇంటి ఖర్చులకు 75, ఈఎంఐలకు, కార్డు బాకీకి కలిపి 21 శాతం పోతుంది. తర్వాత గిన్నెలు కడిగే మెషీన్ వాయిదాల్లో కొన్నాం. టైమ్ దొరక్క సాయంత్రం ఆన్‌లైన్ క్లాసులు చెప్పడం మానేశాను. వాటి మీద దాదాపు ఆమె జీతమంత వచ్చేది. ఇప్పుడు నడుం నొప్పి. ఆమెను మళ్లీ పెట్టుకోవడం దుబారానా? పర్సనల్ లోన్ తీసి షేర్లలో పెడితే ఆ లాభంతోనే ఆమె జీతం వచ్చేస్తుందని మావారు అంటున్నారు.

జవాబు: ముందు ఆ లోన్ సంగతి. వద్దు. వాయిదా నెలనెలా కట్టి తీరాలి, లాభం మాత్రం వస్తే వస్తుంది, లేకపోతే లేదు. మార్కెట్ పడిన నెలలో వాయిదా ఎక్కడి నుంచి తెస్తారో మీవారినే అడగండి.

ఇంత వివరంగా రాశారు గానీ, అత్యవసర నిధి అన్న మాటే ఎక్కడా లేదు. చాలా ఇళ్లలో జరిగేదే ఇది. కంటికి కనిపించే ఖర్చును కోస్తారు, కార్డు బిల్లులో పెరిగేదాన్ని వదిలేస్తారు. ఆరు నెలలుగా ఆ 4 శాతం నిజంగా పక్కన పెట్టి ఉంటే, ఇప్పటికి ఒక నెల ఇంటి ఖర్చులో దాదాపు మూడో వంతు జమయ్యి ఉండాలి. ఉందా? మెషీన్ వాయిదాలోకి పోయిందనే నా అనుమానం.

కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి. నెలకు 4 శాతం చొప్పున అది పోగవడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. అంతవరకూ ఎవరి ఉద్యోగమూ పోకూడదు, ఎవరూ మంచం పట్టకూడదు! అదే బాకీలు తీరి ఆ 21 శాతం మిగిలితే రెండేళ్ల లోపే అయిపోతుంది. కార్డు వడ్డీ నెలకు 3 శాతం అంటే చిన్నదిగా అనిపిస్తుంది గానీ, చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 42 శాతం పైనే.

ముందు ఒక నెల ఖర్చు విడిగా ఒక ఖాతాలో వేయండి. బోనస్‌తోనో, ఏదైనా ఆపుకునో, మీ ఇష్టం. ఆ తర్వాతే కార్డు బాకీ మీద పడండి. చేతిలో ఏమీ ఉంచుకోకుండా అంతా బాకీకే కడితే, ఇంట్లో ఏ చిన్న అవసరం వచ్చినా మళ్లీ కార్డే గీకుతారు. ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి సొంతంగా ఒకటి తీసుకోండి.

ఇక మీరు అడిగినది. క్లాసులు మళ్లీ మొదలుపెట్టేలా ఉంటే ఆమెను పిలవండి, దుబారా కాదు. ‘నా గంట విలువ ఇంత’ అని లెక్కలు వేసేవాళ్లను చూస్తుంటాను. ఆ గంటలో నిజంగా సంపాదిస్తేనే ఆ లెక్క, ఫోన్ చూస్తూ గడిపితే కాదు. క్లాసులు కుదరకపోతే బరువు పనులకే, రోజు విడిచి రోజు రమ్మనండి. నడుం కోసమైనా అది అవసరం. నాలుగు నెలలకు మళ్లీ మానిపించే ఆలోచన ఉంటే మాత్రం పిలవకండి, ఆమెకూ నెల ఖర్చులుంటాయి.

మెషీన్ వాయిదాలు ఎలాగూ తప్పవు కాబట్టి గిన్నెలు దానికే వదిలేసి, ఇల్లు తుడవడం, బట్టలు ఆమెకు అప్పగించండి.