మేనల్లుడికి గర్జన్ చెక్క గురించి

పోర్ట్ బ్లెయిర్

చిరంజీవి రాంబాబుకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు శ్రీకాకుళంలో తలుపులూ, వంటగది అలమరలూ చేసే కార్ఖానా పెడుతున్నావనీ, అందులో గర్జన్ తప్ప మరొకటి ముట్టనంటున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. మన ఇంట్లో మళ్లీ ఉలి చప్పుడు వినబడుతుందని సంతోషించాను గానీ, ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

గర్జన్ మా అండమాన్ అడవుల్లో తక్కిన చెట్ల తలలను దాటి 40 మీటర్ల దాకా లేచే మాను. చాలా ఎత్తు వరకు కొమ్మ లేకుండా తిన్నగా పెరుగుతుంది కనుకనే ప్లైవుడ్డు పొరలు తీయడానికి అంత అనువుగా ఉంటుంది. దాని ఒంటినిండా జిగట నూనె. పూర్వం మానును తొలిచి, నిప్పు చూపి, కారిన నూనెను పడవల సందులు పూడ్చడానికీ, దివిటీలకూ వాడేవారు. తలుపులు చేసేవాడికి చిక్కంతా ఆ నూనెతోనే.

మీ నాన్న సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. కొత్తలో ఒక ఇంటి తలుపులన్నీ ఒప్పుకుని, చవకగా వస్తోందని మిల్లునుంచి పచ్చి గర్జన్ పలకలు తెచ్చి, ఆరబెట్టకుండానే బిగించి రంగు వేశాడు. నేను వద్దంటే నవ్వాడు. ఎండలు ముదరగానే రంగు పొక్కి, ఆ పొక్కుల్లోంచి తేనెరంగు చుక్కలు కారి, ఆ ఇల్లాలి చీర కొంగు తలుపుకు అంటుకుపోయింది. స్పిరిటుతో తుడిస్తే మర్నాటికి మళ్లీ ఊరేది. చివరికి ఆ తలుపులన్నీ ఊడదీసి, మారుమాట లేకుండా సొంత ఖర్చుతో వేరేవి చేసి ఇచ్చాడు. ఆ అప్పు తీర్చడానికే మీ అమ్మ గాజులు పోయాయి. నీకు ఆయన పనితనం వచ్చింది, ఆ తొందర మాత్రం రాకూడదు నాయనా.

కాబట్టి పలకలైతే బాగా ఆరినవే కొను. ప్లైవుడ్డులో మోసం మరో రకం. 2002లో సుప్రీంకోర్టు మా దీవుల్లో చెట్ల నరికివేతపై ఆంక్షలు పెట్టింది, 2014లో మయన్మార్ దుంగల ఎగుమతి ఆపింది. అప్పటినుంచి అసలు గర్జన్ పిరమైంది, నాసిరకానికి ఎర్రరంగు పూసి అమ్మేవాళ్లు పెరిగారు. ఒక మూల గీకి చూడు. కోసిన అంచులో ఖాళీలున్నాయేమో, పై పొర ఒక్కటే గర్జన్ అయి లోపలంతా పాప్లర్ చెక్కో, నీలగిరి చెక్కో ఉందేమో చూడు. ఐఎస్ 710 అంటే నీటిని తట్టుకునే ప్లైవుడ్డుకు మన దేశపు ప్రమాణం, ఆ ముద్ర ఉన్నది 72 గంటలు మరిగే నీళ్లలో ఉన్నా పొరలు విడిపోకూడదు. చిన్న ముక్క కోసి ఒక పూటైనా ఉడకబెట్టు, దుకాణంవాడు ఏమనుకుంటాడోనని మొగమాటపడకు.

సరుకు చూడకుండా బయానా ఇవ్వవద్దు. అమ్మకు మిగిలిన ఆ ఒక్క గొలుసు జోలికి వెళ్లావో, ఓడెక్కి వచ్చి మరీ తిడతాను. డబ్బు తక్కువైతే నాకు రాయి.

మామయ్య