ఎయిర్ ప్లాంట్: తగిలించే ముందు తడి ఆరే దారి చూడండి

ప్రశ్న: పాత కొయ్యముక్క మీద నాచు పరిచి, మూడు ఎయిర్ ప్లాంట్లను రాగి తీగతో బిగించి గోడకు తగిలించాను. రోజూ రాత్రి పడుకునే ముందు నీళ్లు చిలకరిస్తున్నాను. రెండు నెలలు తిరగకముందే ఒక మొక్క అడుగు నల్లబడింది. మొవ్వులోని ఆకులు పట్టుకోగానే ఊడి వచ్చాయి. మిగిలిన రెండింటినైనా కాపాడుకోవడం ఎలా?

జవాబు: మొవ్వు ఊడిన మొక్క మీద ఆశ వదులుకోవలసిందే. మిగిలిన రెండింటిని మాత్రం ఈరోజే కొయ్య నుంచి విప్పి, గాలి ఆడే చోట తలకిందులుగా ఆరబెట్టండి. నాచు, రాగి, రాత్రిపూట నీరు, ఈ మూడూ ఆ మొక్కకు చేటు చేసేవే.

ఎయిర్ ప్లాంట్లుగా పిలిచే టిల్లాండ్సియాలు అనాస కుటుంబానికి చెందినవి. అమెరికా ఖండాలలో చెట్ల కొమ్మల మీద, బండల మీద సహజంగా పెరుగుతాయి. చెట్టును అంటిపెట్టుకుని ఉంటాయి కనుక ఇవీ బదనికలేనని కొందరు పొరబడతారు. బదనిక చెట్టు నుంచే నీటిని లాగుకుంటుంది. ఇవి చెట్టును ఆసరాగా మాత్రమే వాడుకుంటాయి. వీటి వేళ్లు ప్రధానంగా పట్టు కోసమే. నీటిని, పోషకాలను ఆకుల మీద ఉండే సన్నని పొలుసుల వంటి నూగు పీల్చుకుంటుంది. అందువల్ల అడుగున పరిచిన నాచు మొక్క దాహం తీర్చదు సరికదా, తడిని గంటల తరబడి పట్టి ఉంచి మొదలును కుళ్లబెడుతుంది.

రాగి ఈ కుటుంబపు మొక్కలకు విషం. దాని మెరుపు చూడముచ్చటగా ఉంటుంది, చిక్కంతా అక్కడే. చెదలు పట్టకుండా రాగి లవణాలు పట్టించిన చెక్కనూ ఇదే కారణంగా వాడరాదు. ఇక రాత్రి నీటి సంగతి: చాలా టిల్లాండ్సియాలు పగటి ఎండలో నీరు ఆవిరి కాకుండా పత్రరంధ్రాలను మూసుకుని, రాత్రిపూట తెరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. ఆ వేళ ఆకుల మీద నీటిపొర ఉంటే మొక్కకు ఊపిరాడనట్లే. కాబట్టి నీరు ఉదయమే పెట్టాలి.

ప్రశ్న: జిగురుతో అంటించవచ్చా, లేక దారంతో కట్టడమే మంచిదా?

జవాబు: నీటికి కరగని, మొక్కకు హాని చేయని జిగురైతే అంటించవచ్చు, అయితే దాన్ని గట్టిపడిన అడుగు భాగానికో వేళ్లకో మాత్రమే, అదీ పొదుపుగా రాయాలి. ఆకుల మధ్యకు పోకూడదు. వేడి జిగురు వాడితే కొన్ని క్షణాలు చల్లారనివ్వాలి.

నా ఓటు మాత్రం నైలాన్ దారానికే. వారానికోసారి మొక్కను 20 నుంచి 30 నిమిషాలు నీటిలో ముంచి, దులిపి, 4 గంటల లోపు పూర్తిగా ఆరేలా చూడటం ఈ మొక్కల పెంపకంలో అసలు పని. వదులుగా కట్టిన దారాన్ని విప్పి మొక్కను తీయడం తేలిక. అంటించిన మొక్కతోపాటు కొయ్యనూ ముంచవలసి వస్తుంది, ఆ కొయ్య ఆరడానికి మొక్క కంటే ఎక్కువ సమయం పడుతుంది. సముద్రపు ఒడ్డున ఏరిన కొయ్య అయితే, ఉప్పు పోయేవరకు నీళ్లు మారుస్తూ నానబెట్టిన తరువాతే వాడండి. ఉబ్బెత్తు అడుగు ఉండి లోపల బోలుగా ఉండే రకాలను, వెండిరంగు నూగు దట్టంగా ఉన్న రకాలను అంతసేపు నానబెట్టవద్దు. ఒకసారి ముంచి తీసి, తలకిందులు చేసి దులిపితే చాలు.

ప్రశ్న: గాజు బుడగలో పెట్టి కిటికీ దగ్గర వేలాడదీయవచ్చా?

జవాబు: మూత లేని, నోరు వెడల్పైన గాజు పాత్రయితే పరవాలేదు, అదీ మొక్క బాగా ఆరాక పెడితేనే. నేరుగా ఎండ తగిలితే గాజు లోపలి గాలి వేడెక్కి మొక్క కమిలిపోతుంది.

ప్రశ్న: పూసిన తరువాత మొక్క వాడిపోతోంది. ఏదైనా పొరపాటు చేశానా?

జవాబు: లేదు. ఒక్కో మొక్క జీవితంలో ఒక్కసారే పూస్తుంది. ఆపై అరటిలా పిలకలు వేసి, నెలల తరబడి నెమ్మదిగా వాడిపోతుంది. పిలక తల్లి పరిమాణంలో మూడో వంతు నుంచి సగం వరకు పెరిగాక విడదీసి వేరే చోట కట్టుకోవచ్చు. విడదీయకపోతే అవి గుత్తిగా పెరుగుతాయి. అలా ఉంచదలిస్తే దారాన్ని అప్పుడప్పుడు సడలిస్తూ ఉండండి.